చెట్టుతో చెప్పించలేని మాట

సగము పానక మానుచు సగము విడుచు
కొండ గుహలోని నరసింహ, కోర్కు లెఱుగు
చక్రధరుడవు నీవు, మా చాపలంపు
చేతి విసురును గమ్యాన జేర్చుమయ్య.

ఆ మంగళాద్రివాసునికి మ్రొక్కి, ఒక ఉదయం చెరువుగట్టున ఒక మనిషి మనసు నడిచిన దారిని చెబుతున్నాను, వినండి.

పానకాలు మొదటి బుట్టకు గురిచూస్తూ నిలబడ్డాడు. కుడిచేతిలో పళ్ళెమంత నారింజరంగు డిస్కు. ఎదుట కానుగచెట్ల నడుమ మనిషి పట్టేటంత సందు. సందు చివర ఇనుపకడ్డీకి పశువుల గొలుసులు వేలాడదీసి చేయించిన బుట్ట. ఎడమచేతి వైపు చెరువు, ఇంకా మంచు విడవని నీరు, నీటి మధ్య మోడు మీద రెక్కలు ఆరబెట్టుకొంటున్న నీరుకాకి. కుడిచేతి వైపు అటవీశాఖవారు ఎన్నడో నాటి మరచిపోయిన తుమ్మలు, నేరేళ్ళు, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి. డిస్కును విసరడం, అది పడిన చోటికి నడవడం, అక్కడినుంచి మళ్ళీ విసరడం, గొలుసులు గల్లుమని అది బుట్టలో పడేదాకా. ఎంత తక్కువసార్లు విసిరితే అంత నేర్పు. ఆటంతా ఇంతే. ఈ ఆటను పెదకాకాని అవతలి ఈ చెరువుకు తెచ్చినది మేనకోడలు అనూష. గుంటూరులో ఒక కళాశాలలో పిల్లలకు ఆటలు నేర్పే అమ్మాయి; పంచాయతీ పెద్దలను ఒప్పించి, బుట్టలు వెల్డింగు చేయించి, ఒక్క చెట్టయినా కొట్టకుండా చెట్ల మధ్యనుంచే దారి తీసింది. కొట్టనందువల్లనే ఇది ఇంత కష్టం. ప్రతి విసురుకూ ఒక కొమ్మ అడ్డం. కొమ్మను తప్పిస్తే నీరు. "ఇంతేనా ఆట" అని మొదటిరోజున నవ్వింది సామ్రాజ్యం, అనూష తల్లి, పానకాలుకు తోడబుట్టిన ఒక్కగానొక్క చెల్లెలు. నవ్వి, చీరకొంగు నడుముకు దోపుకొని, డిస్కు అందుకొన్నది. ఆ నవ్వు ఈ సందులోనే ఎక్కడో ఉన్నది. కానుగ ఆకులు కదిలినప్పుడల్లా పానకాలుకు చేయి తడబడేది అందుకే.

"కాళ్ళు దగ్గరగా పెట్టుకోమని చెప్పమ్మా ఆయనకి," అన్నది వెనకనుంచి ఒక గొంతు. "పోయినవారం ఇక్కడే నీళ్ళపాలు చేశాడు."

ఆ మాట పానకాలుతో అన్నది కాదు. గట్టు పక్కనున్న కానుగచెట్టుతో అన్నది. అన్నవాడు బుల్లయ్య, సామ్రాజ్యం భర్త. బావాబావమరదులిద్దరికీ మాటలు పోయినవి గడచిన జ్యేష్ఠంలో, సామ్రాజ్యం పోయిన దినానే. మాటలు పోయినవారు ఒకే చోట మసలవలసి వస్తే గోడతోనో గేదెతోనో చెప్పి ఎదుటివానికి వినిపించడం ఈ పల్లెల్లో ఉన్నదే. అత్తాకోడళ్ళు పొయ్యితో చెబుతారు, దాయాదులు నాగలితో చెబుతారు. వీరిద్దరికీ చెట్లు కుదిరాయి. ఆదివారాలు వీరిద్దరి పేర్లూ కలిపి రాసి పెట్టినది అనూష. రానన్నవాడు ఓడినట్టు అవుతుందని ఇద్దరూ రావడం మానలేదు. పానకాలు కాళ్ళు దగ్గరగా జరుపుకొన్నాడు. జరుపుకొన్నట్టు కనపడకుండా జరుపుకొన్నాడు. విసిరాడు. డిస్కు సందులోంచి దూసుకుపోయి, బుట్టకు ఇవతల గడ్డిలో చప్పుడు లేకుండా కూర్చున్నది. "పరవాలేదని చెప్పు," అన్నాడు బుల్లయ్య కానుగతో. తన విసురు విసిరి, రెండడుగులు వేసి, ఆగి, మళ్ళీ ఆ చెట్టు వైపే తిరిగి మెల్లగా అన్నాడు: "ఇంకో మాట కూడా చెప్పు. వచ్చేవారం నుంచి నేను రాను. అమ్మాయికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. కళ్ళంలో ఉన్న మిరపకాయ యార్డుకు తోలేసి నేనూ దానితో పోతున్నాను."

గాలి చెరువు మీదుగా తిరిగి వచ్చింది. ఆ గాలిలో ఎక్కడో ఆరబోసిన మిరపకాయల ఘాటు. మాఘం వచ్చిందంటే ఈ నేలంతా ఎర్రబట్ట పరిచినట్టే ఉంటుంది; పత్తి తీసేసిన చేలు నల్లగా, మిరప కళ్ళాలు ఎర్రగా. బుల్లయ్య తాతలనాడు ఆ ఇంట మగ్గముండేది. తండ్రి మగ్గం వదిలి కౌలుకు మిరప పెట్టాడు. బుల్లయ్య మిరపతోనే ముదిరాడు. ఈ పొద్దున కూడా కళ్ళంలో కాయ తిరగేసి తిన్నగా ఇటే వచ్చినట్టున్నాడు, పంచె అంచున ఎర్రదుమ్ము అలాగే ఉన్నది. వచ్చేవారం నుంచి రాడు. పానకాలు ఆ మాటను మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకొన్నాడు, మగ్గం అచ్చులో చిక్కిన పోగును తిప్పి చూసుకొన్నట్టు. ఆటకు రాకపోతే పోనీ. ఆట ఎవడికి కావాలి. కాని ఇన్ని నెలలుగా తన గొంతులో కూర్చున్న ఒక్క ప్రశ్న, ఈ భూమి మీద ఒక్క బుల్లయ్య మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న, ఈ తొమ్మిది బుట్టల దారిలో అడగకపోతే ఇంకెన్నడు అడుగుతాడు. సామ్రాజ్యం ప్రాణం పోయేవేళ నన్ను తలుచుకొన్నదా. అన్నయ్య ఏడని అడిగిందా. అడిగితే ఏమని అడిగింది. అంతే. ఆ గదిలో ఆ వేళ ఉన్నవాడు ఇతడొక్కడే. అనూష కూడా లేదు, కళాశాల పిల్లలను ఆటలపోటీకి తీసుకొని పొదిలి వెళ్ళి ఉన్నది. అడగాలి. ఈ రోజే అడగాలి. కాని మాట్లాడని మనిషిని ఏ మాటతో మొదలుపెట్టి అడుగుతారు.

రెండవ బుట్ట దారి నేరేళ్ళ కిందనుంచి. ఇక్కడ డిస్కును ఎత్తుగా విసరకూడదు, నేలకు జానెడు ఎత్తున, పాము పోయినట్టు పోవాలి. సామ్రాజ్యానికి మాత్రమే అది సాధ్యపడేది. అనూష ఎంత నేర్పినా పానకాలు, బుల్లయ్య భుజంతో విసిరేవారు. సామ్రాజ్యం మణికట్టుతో విసిరేది. ఎలాగమ్మా అని అడిగితే, నాడె వేసినట్టే కదే అన్నది కూతురితో. నాడె వేసినట్టే. ఆ మాట విన్న క్షణాన పానకాలుకు మంగళగిరిలో తమ ఇంటి గుంటమగ్గం కళ్ళముందు నిలిచింది. నాయన భోజనానికి లేచినప్పుడు అన్నాచెల్లెలూ దొంగతనంగా గుంటలోకి దిగి, కాళ్ళు అందక తొక్కుడుకర్రల మీద నిలబడి, పడుగు విచ్చుకొన్నప్పుడు ఈ పక్కనుంచి తాను నాడె విసిరితే ఆ పక్కన అది అందుకొనేది. ఆ పక్కనుంచి అది విసిరితే ఈ పక్కన తాను. పోగుల మధ్యనుంచి నున్నగా జారివచ్చే ఆ కొయ్యముక్క అరచేతిలో పడే చప్పుడు. నాయన వచ్చి, రెండంగుళాల బట్ట వంకరటింకరగా పెరిగి ఉండడం చూసి, ఎవరని అడిగేవాడు. "అన్నయ్య కాదు నాన్నా, నేను" అనేది. ఎప్పుడూ నేను అనేది. ఆ తరువాత పసుపుకుంకుమలతో ఆ ఇల్లు విడిచి వెళ్ళి, మిరపచేలో పడి, ఆ మణికట్టు కాయలు ఏరింది, ముచ్చికలు తీసింది, బస్తాలకు కుట్టు వేసింది. ముసలితనంలో ఈ చెరువుగట్టున మళ్ళీ నాడె వేసింది. నేరేళ్ళ కింద నేలను తాకీ తాకకుండా పోయి గొలుసుల్లో పడ్డ ఆ నీలం డిస్కును చూస్తూ ఆనాడు, ఇది ఆడే ఆట కాదు, నన్ను పిలిచే పిలుపు అనిపించింది పానకాలుకు. ఆ పక్కన నిలబడి అందుకోవలసినవాడు తాను కదా. ఇప్పుడు ఆ కొస ఖాళీ. ఈ కొసనుంచి ఎంత విసిరినా అరచేతిలో పడిన చప్పుడు రాదు.

గట్టు మీద మేకలు కాస్తున్న జోహరాబీ వీరిని చూసి చేతికర్ర ఆనించుకొని నిలబడింది. చెట్లతో మాట్లాడే ఈ పెద్దమనుషులు ఆమెకు ప్రతి ఆదివారం వేడుక.

"ఏం పెద్దాయనా," అన్నది పానకాలుతో, "ఆయన ఊరు విడిచిపోతన్నాడంట. కానుగచెట్టు మీకు చెప్పిందా లేదా?"

"చెప్పిందమ్మా."

"నయమే. చెట్టుకి నోరు తిరగటానికి ఇంకా ఎన్నాళ్ళు పట్టుద్దో అనుకున్నా. ఈసారి నా మేకలకి చెప్పండి, నాలుగు కాళ్ళవి, గబగబా మోస్తాయి కబురు."

బుల్లయ్య మూతి మీసాల చాటున కదిలింది. "జోహరాబీ, నీ మేకలు నా డిస్కు నమిలితే మటుకు ఊరుకోనని వాటికి చెప్పు," అన్నాడు.

"నమిలితే నమిలినాయిలే. మీ ఇద్దరు మాత్రం ఇన్ని నెలలబట్టి అదే పని కదా, నోట్లో మాట నములుకుంటా." ఆమె నాలుక చప్పరించి మేకలను అదిలించుకొంటూ గట్టు దిగింది.

ఆ మాట పానకాలు వెంట వచ్చింది. మూడవ బుట్ట, నాలుగవ బుట్ట, తుమ్మముళ్ళు గుచ్చుకొనే మలుపు, నీటిలోకి చొచ్చుకుపోయిన మట్టినాలుక, అన్నింటా వెంట వచ్చింది. నోట్లో మాట. ఆ దినాన తాను అన్న మాట నోట్లోనే నమిలి మింగి ఉంటే ఇవాళ ఈ చెట్లతో పని ఉండేది కాదు. జ్యేష్ఠమాసపు వేకువ, ఫోను మోగింది, అనలేక అనలేక ఎవరో అన్నారు. ముత్తైదువగా పోయింది కనుక పుట్టింటి చీర కప్పాలి, తోబుట్టువు చేతులమీదుగా కప్పాలి. అది లేక సాగనంపరు. మగ్గం మీద చీర ఉన్నది. వంగపండు రంగు, నిజాం అంచు. "అన్నయ్యా, నీ చేతి చీర ఇంకొక్కటి కట్టుకోవాలని ఉంది, నీ కళ్ళు బాగుండగానే నెయ్యి" అని సంక్రమణానికి ముందు అడిగిన చీర. చెంగు మాత్రమే నెయ్యడం మిగిలింది. చెంగు లేని చీర చీర కాదు. చెంగు లేని దాన్ని కోసుకుపోయి ఆమె మీద ఎలా కప్పడం. ఇంకొక చీర ఏదయినా తీసుకొని బయలుదేరమని ఇంటిది చేతులు పట్టుకొని ఏడ్చింది. పానకాలు గుంటలోకి దిగాడు. నేతగాడు కానివానికి ఇది తెలియదు: చేతులు ఆడుతున్నంతసేపు ఆమె ఇంకా పోలేదు, ఆమె అడిగిన చీర ఇంకా నేస్తున్నాడు, అంతే. పుట్టి బుద్ధెరిగి పోగు తెంచని చేయి ఆనాడు పదేపదే తెంచింది. తెగిన ప్రతి పోగునూ అతికి, ముడి కనపడకుండా నలిపి, మళ్ళీ నేశాడు. చెంగు నేసి, కోసి, మడత పెట్టి, బస్సెక్కి, ఎండలో గుంటూరు దాటి, ఆ ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఊరి చివర పొగ లేస్తున్నది. పుట్టింటి పేర గుంటూరు బజారులో కొన్న చీర, వరసకు అన్న అయ్యే ఎవరో కప్పారట. చంకలో మడతతో నిలబడిన పానకాలును చూసి బుల్లయ్య, నలుగురూ వింటుండగా, "పుట్టింటివారు వచ్చారు, కుర్చీ వెయ్యండి" అన్నాడు. "బజారు చీర చుట్టి పంపినవాడికి మర్యాదలు కూడా తెలుసా" అన్నాడు పానకాలు. అవే చివరి మాటలు. చీర ఇంటికే తిరిగి వచ్చింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు.

తప్పు తనది. కాదు, ఆగని వానిది. ఆగమంటే ఒక జాము ఆగలేడా. ఆగితే మాత్రం ఆమె వస్తుందా. పానకాలు నడుస్తూ ఈ తర్కాన్ని ఎన్నిసార్లు తిప్పినా ఏ అంచుకూ చేరలేదు. చేరినదల్లా ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే. ఆమె తనను అడిగి ఉంటే, అన్నయ్య వస్తున్నాడా అని ఉంటే, ఆలస్యం అంతా తన మీద పడుతుంది, పడనీ. ఆ బరువు మోయగలడు. ఏ బరువూ లేకుండా, ఆమె చివరి ఊపిరిలో తాను ఉన్నాడో లేడో తెలియకుండా, పడుగు లేని పేకలాగా వేలాడుతూ ఉండడమే మోయలేడు. మనిషి పోయేవేళ ఏది తలిస్తే అదే గతి అని పెద్దలు పురాణాలు విప్పి చెబుతారు. హరిని తలిస్తే చాలు అంటారు. హరిని తలచి ఉండాలనే తానూ కోరుకోవాలి. అయినా, ప్రభూ, నీ పేరుతోపాటు నా పేరు కూడా ఒక్కసారి పలికిందా అని అడగాలనిపిస్తున్నది, ఈ ఆశకు నన్ను క్షమించు. ఎండ చెట్ల మీదికి ఎక్కింది. నేరేడు కింద ఆగి చెమట తుడుచుకొంటూ, ఇక్కడ అడగాలి అనుకొన్నాడు. చెట్టు బోదె మీద చేయి వేశాడు. గరుకుగా, చల్లగా ఉన్నది.

"అమ్మా," అన్నాడు చెట్టుతో, "ఆయన్ని ఒక మాట అడుగు."

నాలుగు బారల అవతల డిస్కు తుడుచుకొంటున్న బుల్లయ్య చేయి ఆగింది. తల ఎత్తలేదు, కాని వింటున్నాడు. చెవులతో, వీపుతో, ఒళ్ళంతటితో వింటున్నాడు.

"ఆయన్ని అడుగు..." ఆ తరువాతి మాట రాలేదు. కాళ్ళు జరుపుకోమని చెట్టుతో చెప్పించవచ్చు, ఊరు విడిచి పోతున్నానని చెప్పించవచ్చు, వెటకారమూ చెప్పించవచ్చు. ఇది చెప్పించలేడు. ఈ మాట మధ్యలో ఎవరినీ, ఒక మానునైనా, సహించదు. మనిషి కళ్ళలోకి చూసి అడగవలసిన మాట. "మజ్జిగ తెచ్చాడేమో అడుగు," అని ముగించాడు పానకాలు.

బుల్లయ్య తుడిచిన డిస్కునే మళ్ళీ తుడిచాడు. "తెచ్చాననే చెప్పు," అన్నాడు చివరికి. "తాగేవాడు తాగచ్చు. సీసా సంచిలో ఉంది." సంచిని తెచ్చి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టి దూరంగా జరిగాడు. ఒకరి చేతిది ఒకరు అందుకోరు. ఒకరి డిస్కును ఒకరు ముట్టరు. అలా సాగింది ఇన్నాళ్ళూ. పానకాలు తాగలేదు. దాహం వేసి అడిగినది కాదు కదా.

చివరి బుట్ట చెరువుకు అవతలి ఒడ్డున ఉన్నది. ఇటునుంచి అటు, నీటి ఇరుకు మీదుగా, ఒకే విసురుతో దాటించాలి. దాటకపోతే చెరువుకు సమర్పణ. దాటినా చాలదు, అవతల ముసలి తుమ్మ ఒకటి ఒడ్డు మీదికి వంగి చేతులు చాచుకొని ఉంటుంది. పానకాలు డిస్కు నీటిని దాటి ఒడ్డు గడ్డి మీద పడింది. బుల్లయ్యది ఎత్తుగా లేచి, గాలిలో వాలి, ఆ తుమ్మ కొమ్మల పంగలో ఇరుక్కున్నది. ఇద్దరూ గట్టు చుట్టి అవతలికి నడిచారు. బుల్లయ్య చెట్టు కింద నిలబడి పైకి చూశాడు. పొట్టివాడు, పైగా బస్తాలు మోసి మోసి భుజం పైకి లేవదు. ఎగిరాడు, అందలేదు. కర్ర కోసం చూశాడు, లేదు. "ఒరేయ్ తుమ్మా, పోయేరోజునే దొరికానా నీకు," అని గొణిగాడు. ఆ పెద్దవాడు ఎండలో అలా మెడ ఎత్తి నిలబడి ఉండడం చూస్తే పానకాలు లోపల ఏదో సడలింది. దగ్గరికి వచ్చి, మగ్గానికి అలవాటుపడిన తన పొడుగు చేయి చాచి, ముళ్ళ మధ్యకు దూర్చి, డిస్కును కుదిపి లాగాడు. లాగిన విసురుకు ఎండుబెరడు పొడి జలజల రాలి కళ్ళలో పడింది. అనుకోకుండా, డిస్కు పట్టిన వేళ్ళతోనే కళ్ళు నులుముకొన్నాడు.

నిప్పు. కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. వేకువనుంచి మిరపకాయల్లో ఆడిన చేతులు పట్టిన డిస్కు అది. ఆ ఘాటంతా దాని అంచున ఉన్నది. మిరప మనిషి ఎన్నడూ మరువనిదీ నేతగాడు ఎన్నడూ గుర్తుంచుకోనిదీ అదే. రెప్పలు పడిపోయాయి. నీళ్ళు ధారలు కట్టాయి. చెరువు లేదు, చెట్టు లేదు; ఎర్రటి చీకటి. పానకాలు మళ్ళీ చేయి ఎత్తాడు.

"నులమొద్దు బావా. చెయ్యి తియ్యి. తియ్యమంటుంటే."

మణికట్టును పట్టుకొన్నది ఒక మోటుచేయి. పట్టి కిందికి లాగి, భుజాలు నొక్కి నేల మీద కూర్చోబెట్టింది. "ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని నిన్ను? పొద్దుటినుంచీ కాయలో మునిగిన చెయ్యి నాది. కళ్ళు మూసుకో. చెరువు నీళ్ళు జల్లుకోమాక, ఇంకా ఎక్కుద్ది. ఆగు, నా చేతులు కడుక్కోనీ." సీసా మూత తిరిగిన చప్పుడు; మజ్జిగ నేలమీద పడుతున్న చప్పుడు; అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకొంటున్న చప్పుడు. తరువాత పానకాలు భుజం మీది కండువా మెల్లగా లేచింది. కండువా చెంగు ముద్దగా చుట్టి, దానిలోకి నోటి ఆవిరి ఊది, ఆ వెచ్చని ముద్దను కంటికి అద్దాడు బుల్లయ్య. ఊదాడు, అద్దాడు. ఊదాడు, అద్దాడు. చంటిబిడ్డ కంట్లో నలక పడితే తల్లి చేసేటట్టు. ఇంత దగ్గర బుల్లయ్య ఊపిరి విని ఎన్నాళ్ళయింది. చుట్ట వాసన, మిరప వాసన, చెమట వాసన. నులమొద్దు బావా అన్నాడు. తనకు తెలియకుండానే అన్నాడు. అన్నట్టు ఇప్పటికీ తెలియలేదు. తెలిస్తే మళ్ళీ చెట్టు వైపు తిరుగుతాడు. అంతలోపలే అడగాలి. కళ్ళలోకి చూసి అడగవలసిన మాట అనుకొన్నాడే, ఇప్పుడు కళ్ళే లేవు. అయినా మధ్యలో ఎవరూ లేరు.

"బుల్లయ్యా."

"ఆఁ. మండుతోందా?"

"చివర్లో నన్నడిగిందా అది?"

ఆవిరి ఊదుతున్న నోరు ఆగింది. కండువా ముద్ద కంటి మీదే ఉండిపోయింది. నీటి మీద ఎక్కడో చేప ఎగిరి పడింది. పానకాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, నాడె అవతలి కొసకు చేరేదాకా బిగబట్టినట్టు.

"అడగలేదు బావా," అన్నాడు బుల్లయ్య.

కండువాలోకి ఇంకొకసారి ఊది, అద్ది, మళ్ళీ అన్నాడు: "నన్నూ అడగలేదు. పిల్లనూ అడగలేదు. దేవుణ్ణి తలుచుకొని పోయిందని ఊళ్ళో చెప్పుకుంటారు, అదీ లేదు. దాహమేస్తోంది, కాసిని నీళ్ళియ్యి అన్నది. అంతే. చేలో పనిచేస్తా అడిగేది చూడు, అట్టాగే, మామూలుగా. వంటింట్లోకి పోయాను. బిందెలో అడుగునున్నాయి, వంచి గ్లాసులో పట్టాను. తెచ్చేసరికి లేదు."

తనకూ ఆమెకూ మధ్య ఊళ్ళకు ఊళ్ళు అడ్డం పడ్డాయి అనుకొన్నాడు పానకాలు. ఇతనికి ఒక గడప.

"అందరూ నీకోసం ఆగమన్నారు. నేనే ఆగలేకపోయాను. ఆ గది వంక చూడలేక, ఎప్పుడు తీస్తారా ఎప్పుడు తీస్తారా అని తొందర పెట్టాను. తీరా నువ్వు చంకలో చీరతో వచ్చి నిలబడితే, ఏమనాలో తెలీక ఆ కుర్చీ మాట అన్నాను."

"ఆ నీళ్ళేం చేశావు?" అన్నాడు పానకాలు. ఎందుకు అడిగాడో తెలియదు.

కండువా ముద్ద కంటినుంచి లేచింది.

"నేనే తాగాను బావా. చేతిలో గ్లాసుంది. ఏం చెయ్యాలో తోచలేదు. మంచం పక్కన నిలబడి తాగేశాను. మొత్తం."

పానకాలు చేయి తడుముకొంటూ వెళ్ళి అతని మోకాలిని పట్టుకొన్నది. అడగలేదు. ఇన్ని నెలలు వేచిన జవాబు అదే, అడగలేదు. గుండె పగులుతుందనుకొన్నాడు, పగలలేదు. చెల్లెలు కావాలన్న ఆరాటం తగ్గలేదు, వీసమంతయినా తగ్గలేదు. కాని ఆ ఆరాటంలో తానొక్కడే కూర్చుని లేడు. ఆమె ఎవరినీ పిలవలేదు. దప్పికతో పోయింది. ఆ నాలుక మీద ఒక్క చుక్క, ఒక్క తులసిదళమంత తడి పడలేదు. ఆ ఆలోచన రాగానే పానకాలు లేచాడు. కళ్ళు సగం కూడా విడలేదు. వెలుగు మంటలాగా లోపలికి వస్తున్నది. బుల్లయ్య భుజం పట్టుకొని ఒడ్డు దిగి, మోకాలిలోతు నీటిలోకి నడిచాడు. దోసిలి పట్టాడు. పోయినవారికి నీరు విడవడానికి విధి ఉన్నది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుంచి విడవాలి, తిలలు ఉండాలి, గోత్రనామాలు చెప్పాలి. ఇవన్నీ పానకాలుకు కంఠస్థం. ఏదీ జ్ఞాపకం రాలేదు. పసిపిల్ల నోటికి అందించినట్టు దోసిలిని ముందుకు వంచి, "తాగవే అమ్మాయ్," అన్నాడు. నీరు నీటిలో కలిసింది. పక్కన బుల్లయ్య పంచె తడిసి నిలబడ్డాడు. చూస్తున్నాడు.

"ఇంకొంచెం పొయ్యి బావా," అన్నాడు. "దాహంగా ఉందన్నది."

పానకాలు మళ్ళీ దోసిలి నింపాడు.

ఈ కథను చెవిన వేసుకొన్న తల్లులకూ తండ్రులకూ, అన్నలకూ చెల్లెళ్ళకూ ఆ స్వామి చల్లని చూపు కలుగుగాక. మీ ఇళ్ళలో దాహమన్న నోటికి నీరు వేళకు అందుగాక; మీ మధ్య నిలిచిపోయిన మాట ఏదయినా ఉంటే, అడగవలసినవారు ఎదుట ఉండగానే అది నోటికి వచ్చుగాక. అందరూ చల్లగా ఉండండి.